మణికట్టా, గజ్జా? – స్టెంటు చికిత్సలో ప్రవేశమార్గ చరిత్ర, 'రక్తస్రావం' నిర్వచనం

వ్యాససంగ్రహం:
గుండె ధమనిలో స్టెంటు అమర్చడానికి వైద్యులు సన్నని గొట్టాన్ని మణికట్టు నుంచి గాని, గజ్జ నుంచి గాని లోపలికి పంపుతారు. 20వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో గజ్జ మార్గమే రాజమార్గంగా ఉండేది. ఈ శతాబ్దిలో మణికట్టు దాని స్థానాన్ని ఆక్రమించింది. ఈ మార్పును సాధారణంగా పరికరాల ప్రగతిగా వివరిస్తారు. పరికరాల పాత్రను కాదనకుండానే, 'రక్తస్రావం' అనే మాటకు వైద్యలోకం ఇచ్చుకున్న అర్థం మారడం ఈ మార్పులో నిర్ణాయకమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వైద్యచరిత్ర, మణికట్టు, గజ్జ, నాడి, స్టెంటు, రక్తస్రావం, నిర్వచనం.

1. ప్రవేశిక

"చేతి నుంచి వేశారా, కాలి నుంచి వేశారా?" స్టెంటు వేయించుకొని ఇంటికి వచ్చినవారిని చూడబోయిన బంధువులు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. ఇందులో 'కాలి నుంచి' అనడం ఒక మర్యాద. గొట్టం వెళ్లేది కాలి నుంచి కాదు, తొడకూ పొత్తికడుపుకూ మధ్యనున్న గజ్జ నుంచి. నలుగురిలో పలకడానికి మొహమాటపడే అవయవం కాబట్టి మాటను కిందికి జరిపి 'కాలు' అంటాం. ఆ మొహమాటానికి ఈ చరిత్రలో చిన్నదైనా ఒక స్థానం ఉంది. ఆ సంగతి తరువాత.

ఈ వ్యాసకర్తది వైద్యశాస్త్రం కాదు, తెలుగు. ఏ రోగికి ఏ మార్గం మేలో చెప్పే అధికారం ఈ వ్యాసానికి లేదు. అయితే ఒక శాస్త్రం తన తీర్పును మార్చుకున్నప్పుడు, ఆ మార్పు వెనుక ఏ పదానికి అర్థం మారిందో చూడటం భాషాసాహిత్య విద్యార్థికి అలవాటైన పనే. ఆ దృష్టితో 1929 నుంచి 2020 వరకు జరిగిన ప్రధాన ఘట్టాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

2. వైద్యుని వేళ్ల కింది ధమని

మణికట్టు దగ్గర బొటనవేలి మొదట్లో కొట్టుకునే నాడి మనకు కొత్తది కాదు. చరక, సుశ్రుత సంహితల్లో నాడీపరీక్షకు ప్రత్యేకస్థానం లేకపోయినా, శార్ఙ్గధరసంహిత నాటికి అది రోగనిర్ణయంలో భాగమైంది. తెలుగుదేశపు వైద్యులు విశేషంగా వాడుకున్న బసవరాజీయంలోనూ నాడీపరీక్ష ఉంది. మూడు వేళ్లు ఆనించి వాతపిత్తకఫాలను పోల్చుకోవడం, పురుషునికి కుడిచేయి, స్త్రీకి ఎడమచేయి చూడటం ఆ సంప్రదాయం. వైద్యుడు వేళ్లు ఆనించే ఆ నాళమే ఆధునిక శరీరశాస్త్రంలో రేడియల్ ధమని. తెలుగు జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు ముంజేతి ఎముకలను రత్ని, అరత్ని అంటాయి. రత్ని పక్కన నడిచే ధమని ఇది.

నాడి చూడటానికి ఈ చోటు అనువుగా ఉండటానికీ, స్టెంటు వేయడానికి ఇది సురక్షితం కావడానికీ కారణం ఒక్కటే. ధమని చర్మానికి అతి దగ్గరలో, ఎముక మీద పరుచుకొని ఉంటుంది. వేలితో నొక్కితే వెనుక గట్టి ఆధారం ఉంటుంది కాబట్టి రక్తం ఆగుతుంది. పైగా అరచేతికి రక్తం అందించేది ఇదొక్కటే కాదు. చిటికెనవేలి వైపునుంచి వచ్చే అల్నార్ ధమని అరచేతిలో దీనితో కలుస్తుంది. ఒకటి మూసుకుపోయినా మరొకటి సాధారణంగా చేతిని కాపాడుతుంది.

గజ్జలోని ఫెమొరల్ ధమని సంగతి వేరు. అది పెద్దది, సూది గుచ్చడం సులభం, పెద్ద గొట్టాలకూ చోటిస్తుంది. అయితే లోతుగా ఉంటుంది. సూది కాస్త పైకి పడితే ఆ చోటును పైనుంచి నొక్కినా ఫలం ఉండదు. కారిన రక్తం పొత్తికడుపు వెనుక ఖాళీలో చేరుతుంది, పైకి కనిపించదు. రోగి రక్తపీడనం పడిపోయేదాకా అనుమానం రాకపోవచ్చు. రక్తం కనబడే చోటు ఒకటి, కనబడని చోటు ఒకటి అన్న ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి.

3. మోచేతి నుంచి గజ్జకు

గుండెలోకి గొట్టం పంపే ప్రయత్నం చేతి నుంచే మొదలైంది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డే పట్టణంలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువవైద్యుడు మూత్రనాళానికి వాడే గొట్టాన్ని తన మోచేతి సిర ద్వారా తన గుండెలోకే పంపుకొని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫోటో తీయించుకున్నాడు. పై అధికారుల ఆగ్రహానికి గురైన ఈ సాహసానికి 1956లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మిగిలిన భాగస్వాములు న్యూయార్క్‌లో ఆ పద్ధతిని శాస్త్రంగా తీర్చిదిద్దిన ఆంద్రే కూర్నాన్, డికిన్‌సన్ రిచర్డ్స్.

అదే 1929లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్గర్ ఆలెన్ ఒక చిన్న పరీక్షను వర్ణించాడు. మణికట్టు ధమనిని నొక్కిపట్టి, అరచేతికి రంగు తిరిగి వస్తుందా లేదా చూడటం. ఆయన ఉద్దేశం వేరు. బర్గర్ వ్యాధిలో చేతి ధమనులు ఎక్కడ మూసుకున్నాయో తెలుసుకోవడానికి దాన్ని రూపొందించాడు. అరవై ఏళ్ల తరువాత అదే పరీక్ష మణికట్టు మార్గానికి ద్వారపాలకుడైంది. ఆలెన్ పరీక్షలో నెగ్గని చేతిని ముట్టకూడదన్నారు. ఆ నిషేధానికి తగిన ఆధారం లేదని 2014లో రాడార్ అధ్యయనం వచ్చాక గాని గట్టిగా అనలేదు. ఒక ప్రయోజనానికి పుట్టిన ప్రమాణం మరో ప్రయోజనానికి అరువు వెళ్లి, ప్రశ్నించేవారు లేక పాతుకుపోవడం సాహిత్యవిమర్శలోనూ మనం ఎరిగినదే.

మణికట్టు ధమనిని కోసి గొట్టం పంపే ప్రయత్నాన్ని స్వీడన్‌లో స్టిగ్ రాడ్నర్ 1948లోనే ప్రచురించాడు. అది అక్కడే ఆగింది. 1953లో స్వీడన్‌కే చెందిన స్వెన్-ఇవార్ సెల్డింగర్ సూది, తీగ, గొట్టం అనే వరసను కనిపెట్టి, ధమనిని కోయకుండానే లోపలికి వెళ్లే దారి చూపాడు. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ ఒక రోగి మహాధమనిలో రంగుమందు ఎక్కిస్తుండగా గొట్టం కొన జారి కుడి హృద్ధమనిలోకి వెళ్లింది. రోగి గుండె కొన్ని క్షణాలు ఆగింది, దగ్గించాక తిరిగి కొట్టుకుంది. హృద్ధమనుల చిత్రీకరణకు అలా పొరపాటుతో శ్రీకారం జరిగింది. సోన్స్ మార్గం మోచేయి. అక్కడ ధమనిని కోసి తెరవాలి, పని అయ్యాక కుట్టాలి. అది చెయ్యి తిరిగిన శస్త్రకారుడి పని.

1967లో మెల్విన్ జడ్కిన్స్ ఈ పరిస్థితిని మార్చాడు. కుడి హృద్ధమనికి ఒక వంపు, ఎడమదానికి మరో వంపు ముందే తీర్చిన గొట్టాలు తయారుచేశాడు. గజ్జ నుంచి పైకి తోస్తే అవి దాదాపు తమంతట తామే గమ్యం చేరేవి. కోత లేదు, కుట్లు లేవు, తక్కువ అనుభవమున్నవారూ నేర్చుకోగలరు. గజ్జ గెలిచింది శరీరనిర్మాణం వల్ల కంటే ఈ వంపుల వల్లనే అని నా అభిప్రాయం. 1977 సెప్టెంబరులో జ్యూరిక్‌లో ఆంద్రియాస్ గ్రుంట్‌జిగ్ తొలి బెలూన్ యాంజియోప్లాస్టీని గజ్జ మార్గంలోనే చేశాడు. ఆ తరువాత ఒక తరం వైద్యులకు 'యాంజియో' అంటే గజ్జే.

4. స్టెంటు తెచ్చిన చిక్కు

1986లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో జాక్ పుయెల్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉల్రిచ్ సిగ్‌వార్ట్ మనుషుల హృద్ధమనుల్లో తొలి స్టెంట్లు అమర్చారు. బెలూన్‌తో తెరిచిన ధమని మళ్లీ కుంచించుకుపోకుండా ఈ లోహపు జాలీ నిలబెడుతుంది. కాని లోహం తగిలిన చోట రక్తం గడ్డకడుతుంది. దాన్ని నివారించడానికి హెపారిన్, వార్ఫరిన్, ఆస్పిరిన్, డైపిరిడమోల్ వంటి మందులను కలిపి ఇచ్చేవారు. గుండెలో గడ్డకట్టకూడదని ఇచ్చిన మందు గజ్జలో కూడా గడ్డకట్టనివ్వదు కదా. ఆనాటి గొట్టాలు లావుగా ఉండేవి. గొట్టాల లావును ఫ్రెంచి కొలతలో చెబుతారు. ఒక ఫ్రెంచి అంటే మిల్లీమీటరులో మూడోవంతు. 19వ శతాబ్దంలో పారిస్‌లో పరికరాలు చేసిన షారియేర్ పెట్టిన కొలత అది. 8 ఫ్రెంచి గొట్టం తీశాక గజ్జలో మిగిలే రంధ్రం చిన్నదేమీ కాదు.

1994లో వెలువడిన బెనెస్టెంట్ అధ్యయనం ఈ చిక్కును అంకెల్లో చూపింది. 520 మంది రోగుల్లో బెలూన్‌తో సరిపెట్టినవారికి ధమని మళ్లీ మూసుకుపోవడం 32 శాతం. స్టెంటు వేసినవారిలో 22 శాతం. అది స్టెంటు విజయం. అదే పత్రంలో మరో వరస ఉంది. రక్తస్రావం, రక్తనాళ సమస్యలు బెలూన్‌వారిలో 3.1 శాతం, స్టెంటువారిలో 13.5 శాతం. ఆసుపత్రిలో ఉన్న రోజులు సగటున 3.1కి బదులు 8.5. స్టెంటు చరిత్ర చెప్పేవారు మొదటి జంట అంకెలనే ఉదాహరిస్తారు. రెండో జంటను దాటిపోతారు. గుండెలో జరిగినది ఫలితం, గజ్జలో జరిగినది 'ఇబ్బంది' అన్న విభజన ఆనాటి రచనల్లో మాటగా చెప్పకపోయినా అమరికలో ఉంది.

5. మాంట్రియల్, ఆమ్‌స్టర్‌డామ్

మాంట్రియల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో లూసియాన్ కాంపో 1989లో ఒక పత్రం ప్రచురించారు. ఆలెన్ పరీక్ష సవ్యంగా ఉన్న 100 మందిలో మణికట్టు నుంచి, కోత లేకుండా, హృద్ధమనుల చిత్రీకరణకు ప్రయత్నించి 88 మందిలో సఫలమయ్యారు. పదిమందిలో ధమనిలోకి సూదే దిగలేదు. నూటికి దాదాపు నూరుమందిలో పని జరిగే గజ్జ అందుబాటులో ఉండగా 88 ఎవరిని ఆకర్షిస్తుంది? కాంపో పత్రం అప్పట్లో పెద్దగా కదలిక తేలేదు.

ఆకర్షించింది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనీజ్‌ను. స్టెంటు రోగుల గజ్జల్లో రక్తస్రావాలతో విసిగిన వైద్యుడాయన. 1992లో మణికట్టు నుంచి బెలూన్ చికిత్స, వెనువెంటనే అదే మార్గంలో స్టెంటు చేసి చూపాడు. 6 ఫ్రెంచి గొట్టాలు అప్పటికి అందుబాటులోకి రావడం ఇందుకు తోడ్పడింది. 1997లో ఆయన బృందం ప్రచురించిన యాక్సెస్ అధ్యయనంలో 900 మందిని మణికట్టు, మోచేయి, గజ్జ అని మూడు సమానభాగాలు చేశారు. హృద్ధమనిని అందుకోవడంలో మణికట్టు 93 శాతం, మోచేయి 95.7, గజ్జ 99.7. ప్రవేశస్థానంలో పెద్ద సమస్యలు మోచేతిలో 2.3 శాతం, గజ్జలో 2.0 శాతం, మణికట్టులో సున్నా.

ఈ పట్టికను రెండు విధాలుగా చదవవచ్చు. 'చేరడం' ముఖ్యమనుకుంటే గజ్జ గెలిచింది. 'నెత్తురు కారకపోవడం' ముఖ్యమనుకుంటే మణికట్టు గెలిచింది. లోకం మొదటి పఠనాన్నే ఎంచుకుంది. అందుకు కారణం మొండితనం మాత్రమే కాదు. వార్ఫరిన్ స్థానంలో ఆస్పిరిన్‌తో పాటు మరో మందు చాలునని 1990ల మధ్యకల్లా తేలింది. దానితో గజ్జ రక్తస్రావాలు తగ్గాయి, మణికట్టు అవసరమూ తగ్గినట్లు కనిపించింది. 2007లో అమెరికాలో ఈ చికిత్సల్లో మణికట్టు వాటా ఒకటి రెండు శాతం మధ్యే. 2012కి అది 16 శాతమైంది. ఆ ఐదేళ్లలో ఏమి మారింది?

6. ఒక పదానికి అర్థం మారడం

2006లో ఐకెల్‌బూమ్ బృందం 34 వేలకు పైగా హృద్రోగుల సమాచారాన్ని పరిశీలించి, పెద్ద రక్తస్రావం జరిగినవారిలో 30 రోజుల్లో మరణాలు దాదాపు ఐదురెట్లు అని చూపింది. అప్పటిదాకా రక్తస్రావం చికిత్సకు చెల్లించే సుంకం. ఇప్పుడది చావుబతుకుల లెక్కలోకి వచ్చింది. రక్తస్రావమే మరణానికి కారణమా, లేక బలహీనులకే రెండూ వస్తాయా అన్నది వాదగ్రస్తమే. కాని అడగవలసిన ప్రశ్న మారిపోయింది.

ప్రశ్న మారగానే నిర్వచనం చిక్కు ఎదురైంది. ఎంత కారితే 'పెద్ద' రక్తస్రావం? ఒక అధ్యయనం రక్తం ఎక్కించవలసివస్తేనే లెక్కపెడుతుంది, మరొకటి గజ్జలో పెద్ద వాపు కట్టినా లెక్కపెడుతుంది. 2011లో లాన్సెట్‌లో వచ్చిన రైవల్ ఈ చిక్కుకు పాఠ్యగ్రంథంలాంటి ఉదాహరణ. 32 దేశాల్లో 7021 మంది. ప్రధాన ఫలితం మణికట్టులో 3.7, గజ్జలో 4.0 శాతం. తేడా లేనట్టే. అధ్యయనం తానే పెట్టుకున్న నిర్వచనం ప్రకారం పెద్ద రక్తస్రావాలు 0.7, 0.9 శాతం. ఇక్కడా తేడా లేదు. అదే రోగులు, అదే రక్తం. అక్యూటీ అనే మరో అధ్యయనపు నిర్వచనంతో లెక్కిస్తే మాత్రం 1.9, 4.5 శాతం. సగానికి పైగా తగ్గింది!

అంకెలు మారలేదు, మాట అర్థం మారింది. రెండో లెక్క ముందుగా ప్రణాళికలో లేనిది కాబట్టి దానికి తక్కువ విలువ ఇవ్వాలన్నది పద్ధతి, అది సబబే. కాని గజ్జలో అరచేయంత నల్లని గడ్డ కట్టి మంచం మీద కదలలేని మనిషికి, తన బాధ ఏ నిర్వచనంలో పడుతుందన్నది పెద్ద విషయం కాదు. అదే సంవత్సరం బార్క్ పేరుతో ఒక పండితబృందం రక్తస్రావాన్ని 0 నుంచి 5 వరకు తరగతులుగా విభజించి, అందరూ ఒకే కొలత వాడాలని ప్రతిపాదించింది. నిఘంటుకర్తలు పడే శ్రమ వంటిదే ఇది.

తరువాత వచ్చినవి మణికట్టుకు బలం చేకూర్చాయి. గుండెపోటు రోగుల మీద ఇటలీలో జరిగిన రైఫిల్ అధ్యయనంలో (2012) 1001 మందికిగాను హృదయసంబంధ మరణాలు మణికట్టులో 5.2, గజ్జలో 9.2 శాతం. 8404 మందితో జరిగిన మాట్రిక్స్‌లో (2015) మొత్తం మరణాలు 1.6, 2.2 శాతం. 2015లో ఐరోపా, 2021లో అమెరికా మార్గదర్శకాలు మణికట్టుకు తొలి స్థానం ఇచ్చాయి. అయితే కెనడాలోని సఫారీ అధ్యయనం (2020) అపశ్రుతి వినిపించింది. 2292 మంది గుండెపోటు రోగుల్లో 30 రోజుల మరణాలు మణికట్టులో 1.5, గజ్జలో 1.3 శాతం, అంటే తేడా లేదు. అది ముందుగానే నిలిపివేసిన అధ్యయనం. పాల్గొన్నవారు రెండు మార్గాల్లోనూ ఆరితేరినవారు. కాబట్టి గజ్జ అపాయకరమా, లేక గజ్జలో చేయితిరగనివారి చేయి అపాయకరమా అన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

7. లెక్కలోకి రాని సంగతులు

గజ్జ నుంచి చికిత్స అయినవారు గంటల తరబడి కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. చాలా ఆసుపత్రుల్లో గజ్జ మీద ఇసుకసంచి పెడతారు. మలమూత్రాలు మంచం మీదే. నడుమునొప్పి ఉన్న వృద్ధులకు, మూత్రం ఆగని పురుషులకు, పరాయివారి ముందు గజ్జ దగ్గర బట్ట తొలగించి గొరిగించుకోవలసి వచ్చిన స్త్రీలకు ఇది సామాన్యమైన అనుభవం కాదు. మణికట్టు వారు లేచి కూర్చుంటారు, తమ చేతితో తామే కాఫీ తాగుతారు. 1999లో 200 మందితో జరిగిన ఒక అమెరికా అధ్యయనం ఈ సంగతిని నేరుగా అడిగింది. రోగులు స్పష్టంగా మణికట్టునే కోరుకున్నారు. అయినా తరువాతి పదేళ్లూ అమెరికాలో గజ్జే కొనసాగింది. రోగి సౌఖ్యం వాదంగా పనికిరాలేదు, మరణమే వాదమైంది.

మరో పక్క మణికట్టుకూ మూల్యం ఉంది. సన్నని ధమని బిగుసుకుపోతుంది. స్త్రీలలో ఇది ఎక్కువ ఇబ్బంది. 2014లో స్త్రీల కోసమే చేసిన ఒక అధ్యయనంలో మణికట్టుతో మొదలుపెట్టి మార్గం మార్చుకోవలసి వచ్చినవారు 6.7 శాతం, గజ్జతో మొదలుపెట్టి మార్చుకున్నవారు 1.9 శాతం. గొట్టం తీశాక ధమని మూసుకుపోవచ్చు. చేతికి హాని కాకపోయినా, ఆ ధమని రేపు బైపాస్ శస్త్రచికిత్సకు గాని, మూత్రపిండాలు చెడితే డయాలిసిస్‌కు గాని పనికిరాదు. ఇక్కడ సమీర్ పంచోలీ బృందం 2008లో చేసిన చిన్న మార్పు ఎన్నదగినది. రక్తం ఆపడానికి మణికట్టును పూర్తిగా బిగించకుండా, ధమనిలో కాస్త ప్రవాహం సాగేలా పట్టీ కడితే, మరుసటి రోజుకు మూసుకుపోవడం 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త పరికరం కాదు, కట్టే తీరు.

భారతదేశంలో ఈ మార్గాన్ని అహ్మదాబాద్‌కు చెందిన తేజస్ పటేల్ తొలినాళ్లలోనే చేపట్టి గ్రంథస్థం చేశారు. మన తెలుగునేలకు స్టెంటుతో ఉన్న ప్రసిద్ధ సంబంధం వేరు. 1990లలో హైదరాబాదులో అబ్దుల్ కలాం, హృద్రోగనిపుణులు బి. సోమరాజు కలిసి తక్కువ ధరలో స్టెంటు రూపొందించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంటు గరిష్ఠధరలను మందు పూతలేనిదానికి 7,260, పూత ఉన్నదానికి 29,600 రూపాయలుగా నిర్ణయించినప్పుడు మన పత్రికల్లోనూ విస్తృతంగా చర్చ జరిగింది. స్టెంటు ధర మనకు తెలుగులో చర్చనీయాంశమైంది గాని, స్టెంటు దారి కాలేదు. అంగీకారపత్రం మీద సంతకం పెట్టే మనిషికి 'చేతి నుంచా, కాలి నుంచా' అని అడగవచ్చునన్న సంగతీ, అడిగితే డాక్టరుగారు ఏ మార్గంలో ఎక్కువ చేశారో కూడా అడగవచ్చునన్న సంగతీ తెలుగులో రాసిపెట్టి ఉండటం అవసరం.

ఎందుకంటే చేయితిరగడం అన్నది ఇక్కడ అలంకారం కాదు. మణికట్టుకు జన్మనిచ్చిన మాంట్రియల్ సంస్థలోనే 1996–98 నాటి రోగులను 2006–08 నాటివారితో పోల్చారు. మణికట్టు అలవాటైన కాలంలో, గజ్జ మార్గంలో వెళ్లినవారికి రక్తనాళ సమస్యలు పెరిగినట్లు తేలింది. దీన్ని కాంపో పేరుతోనే ఒక వైపరీత్యంగా చెబుతున్నారు. వాడకం తగ్గిన దారిలో ముళ్లు మొలుస్తాయి. మణికట్టు కుదరని రోగులే గజ్జకు మిగులుతారు. వారే తరచు వృద్ధులు, పొట్టివారు, స్త్రీలు. నేర్పు తగ్గిన చేతులు చేరేది వారి దగ్గరికే.

కీమెనీజ్ 2017లో మరొక పత్రం ప్రచురించాడు. ఈసారి మణికట్టు కూడా కాదు, బొటనవేలి మొదట్లోని చిన్న గుంట. నస్యపు పొడి పోసుకొని పీల్చిన చోటని దానికి పాశ్చాత్యులు ఆ పేరే పెట్టారు. ఆయన ఎంచుకున్నది ఎడమచేయి. నాడీశాస్త్రం స్త్రీలకు కేటాయించిన చేయి ఇప్పుడు అందరిదీ అయింది. అయితే వైద్యుడు బల్లకు కుడివైపే నిలబడతాడు, గజ్జ కాలం నుంచీ అదే అలవాటు. అందుకని రోగి తన ఎడమచేతిని పొట్ట మీదుగా కుడివైపుకు తెచ్చి, గజ్జ మీద ఆనించి పడుకుంటాడు.